అత్తగారి మాటల మీద కాశీకి

కాశీకి రైలుంది. ఈ సంగతి మాకు చెప్పనివాళ్ళు జార్జి టౌనులో ఒక్కరూ మిగల్లేదు. పాలవాడు చెప్పాడు, వీధిలో తోపుడు బండ్లవాళ్ళు చెప్పారు, ఎదురింటి మార్వాడీ ఆవిడ అయితే ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కూడా చెప్పింది. మా మామగారు అందరి మాటా శ్రద్ధగా విని, "రైల్లో పోతే దోవలో ఊళ్ళు కనపడవప్పా" అన్నారు. ఆ మాటకు మా ఆయన నా వంక చూశారు. నేను ఇంటికప్పు వంక చూశాను. నవ్వు ఆపుకోవడానికి నాకు వేరే దారి కనిపించలేదు. కారులో పోయినా మామగారికి ఊళ్ళు కనపడవు మరి! రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చి ఏడాది దాటింది.

మాది తాళ్ళ కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. పడవలకు కట్టే మోకుల దగ్గర్నుంచి బావి చాంతాళ్ళ దాకా టోకున అమ్ముతాం. కానీ మామగారి ప్రాణం కొట్టులో లేదు, వాకిట్లో నిలబడ్డ నల్ల అంబాసడరులో ఉంది. ఆ స్టీరింగు ఆయన తప్ప ఇంకొకరు ముట్టి ఎరగరు. డ్రైవరును పెట్టుకోమంటే, "నా పెండ్లికి ఇంకొకణ్ణి తాళి కట్టమంటామా?" అని ఎదురు అడుగుతారు. కంటి డాక్టరు దగ్గరికి పోదామంటే మాత్రం కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటూ కూర్చుంటారు, తుడిస్తే పోయే మసక అన్నట్టు.

మా ఆయన గోపాలానికి డ్రైవింగు రాదు. రాదంటే నేర్చుకోక కాదు, కారు కదిలితే చాలు ఆయనకు నిద్ర పడుతుంది. ముందు సీటైనా అంతే, వెనక సీటైనా అంతే. నేర్పడానికి వచ్చినాయన రెండో రోజే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇక ఇంట్లో మిగిలింది నేను. నెల్లూరులో మా నాన్న పాత జీపు మీద నేర్చుకుని, లైసెన్సు పెండ్లి పట్టుచీరల మడతల్లో పెట్టుకుని కాపురానికి వచ్చాను. మూడేళ్ళుగా అది ఆ మడతల్లోనే ఉంది.

ప్రయాణం రేపనగా మా ఆయన నన్ను మేడ మీదికి పిలిచారు. "పద్మా, ఎట్లన్నా చేసి దోవలో ఆ స్టీరింగు నువ్వు తీసుకో. లేకుంటే నలుగురం గంగదాకా పోము, నేరుగా పైకే పోతాం. కానీ నాయన మనసు నొచ్చుకోకూడదు."

"ఎట్ల తీసుకునేది?"

"అది తెలిస్తే నేనే తీసుకోనుండనా?"

నాకు భయమూ వేసింది, నోరూ ఊరింది. మద్రాసు నుంచి కాశీ దాకా ఎంత రోడ్డు! అంతా నాదే అయితే!

మీకు తెలిసిందే, కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైన కాయో పండో గంగలో వదిలి రావాలి. వదిలింది మళ్ళీ జన్మలో ముట్టకూడదు. మా ఆయన కారెక్కక ముందే కాకరకాయ అని ఖాయం చేసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కాకరకాయ తిన్నది లేదు. మామగారు ఏం వదులుతారో ఎవరికీ చెప్పలేదు. డిక్కీలో సగం మా కొట్టు తాళ్ళే సర్దారు. ఎందుకండీ అంటే, "దోవలో ఎవరికన్నా ఇచ్చేదానికి" అన్నారు. లోకంలో అందరూ మిఠాయి పంచుతారు, మేం మోకులు పంచుతామన్నమాట!

కావలి భోజనం

ముందు సీట్లో అత్తగారు. అది ఆమె సొంత సింహాసనం, పెండ్లయిన నాటి నుంచి ఎవరికీ ఇచ్చింది లేదు. ఊరు దాటక ముందే మొదలుపెట్టారు.

"అదో, ఆ లారీవాణ్ణి చూడండి, ఏం పొగరప్పా వానికి, నడీ మధ్యలో వస్తా ఉండాడు."

"ఆఁ, చూసినాలే" అని మామగారు కొంచెం ఎడమకు తిప్పేవారు.

"ఆ ముసలామె చూడండి, ఎడం పక్క. తల మీద అంత గడ్డిమోపు! పాపం, పడిపోతుందేమో."

"చూసినాలే."

"ముందర బ్రిడ్జి వచ్చేసింది. పోయినసారి కంటే సన్నంగా అయిపోయిందే ఇది?"

"చూసినాలేవే!"

వంతెనలు సన్నబడడం నేనెక్కడా వినలేదు. వెనక సీట్లో మా ఆయన అప్పటికే నా భుజం మీద గుర్రు పెడుతున్నారు. నాకు ఒక చెవిలో గుర్రు, ఒక చెవిలో అత్తగారు. నెల్లూరులో ఆగితే మా పుట్టింటివాళ్ళు వారం దాకా వదలరని ఊరి మధ్యలోంచి తలలు వంచుకుని దొంగల్లా దాటేశాం.

భోజనం కావలిలో. రెండు రూపాయలకు ఆకు నిండా అన్నం, గోంగూర, కందిపొడి, నెయ్యి, మళ్ళీ అన్నం. వడ్డించే ఆయన మా మాట విని, "మీరు అరవోళ్ళాండీ?" అని అడిగాడు. అత్తగారికి కోపం నషాళానికి అంటింది. "అయ్యయ్యో, ఎన్నప్పా ఇది! మా తాతల కాలం నుంచి మేం తెలుగోళ్ళమే! కొంచెం రసం పోయ్యి, చాలు చాలు, పోదుం!" అన్నారు. ఆయన రసం కాదు, చారు పోశాడు. రెండూ ఒకటేనని ఆమె ఒప్పుకోలేదు, వేరని ఆయనా ఒప్పుకోలేదు. ఇద్దరూ నవ్వుతూనే విడిపోయారు.

నిర్మల్ కొండ మీద

బెజవాడ, హైదరాబాదు దాటి నిర్మల్ చేరేసరికి మా భాష కంటే మా కాఫీ ముందు అయిపోయింది. అక్కణ్ణుంచి అంతా టీ. చిక్కటి పాలలో, అల్లం కొట్టి, గ్లాసు పట్టుకుంటే వేళ్ళు కాలేట్టు ఇచ్చారు. నిర్మల్లో చెక్క బొమ్మలు చేసే ఒకాయన వాకిట్లో కూర్చుని చెక్క చిలకకు రంగు వేస్తున్నాడు. మామగారు ఆ చిలకను ముక్కుదాకా తెచ్చుకుని చూసి, "మామిడికాయ ఎంత బాగా చేసినాడో!" అన్నారు. ఆయన నొచ్చుకోలేదు. ఒక చెక్క మామిడికాయ కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. మామగారు ఆయనకు ఒక పగ్గం ఇచ్చారు.

ఊరి బయట సీతాఫలాలు అమ్ముతున్నారు. కొండ సీతాఫలాలు, ఒక్కోటి కొబ్బరికాయంత. బుట్టంతా తీసుకున్నాం. అత్తగారు ముందు సీట్లో కూర్చుని ఒకటి విప్పారు. సీతాఫలం తినడమంటే మాటలా? నోటినిండా గింజలు, ఒక్కో గింజా విడదీయాలి, ఊయాలి. మాట్లాడడానికి వీల్లేదు. నేను హాయిగా చెవులకు సెలవు ఇచ్చుకున్నాను. అంతలో కారు రోడ్డుకు అడ్డంగా పోవడం మొదలుపెట్టింది. కుడివైపు లోయ! నేను నోరు తెరిచేలోపల అత్తగారు గింజలన్నీ తుపుక్కున ఊసి, "గొర్రెలు!" అని కేకేశారు.

బ్రేకు పడింది. కారు ముందు ఊరి గొర్రెలన్నీ నిలబడి మావంక చూస్తున్నాయి.

"చూసినాలేవే" అన్నారు మామగారు.

అత్తగారు సగం తిన్న పండు కిటికీలోంచి పారేసి మళ్ళీ మొదలుపెట్టారు. "ఆ గొర్రెల కాపరి తలపాగా చూడండి ఎంత ఎర్రగా ఉండాదో, కుడి పక్కన నిలబడి ఉండాడు..." అప్పుడు నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ నేను వాగుడు అనుకున్నది వాగుడు కాదు. ఆమె ఆయనకు రోడ్డు చదివి పెడుతున్నారు! లారీవాడి పొగరు, ముసలమ్మ గడ్డిమోపు, సన్నబడ్డ వంతెన, అన్నీ ఆయనకు దారి. చూడలేరని ఒక్క మాట అనకుండా, మేమెవరం కనిపెట్టకుండా, ఏడాదిగా మద్రాసు వీధులన్నిటా ఆయన్ను ఈమె నోటితో నడిపించారు. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. మా ఆయన్ను లేపి చెప్పాను. "గొర్రెలా? యాడ?" అని మళ్ళీ పడుకున్నారు.

నాగపూరు కమలాలు

నాగపూరులో కమలాపండ్లు రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతారు. రూపాయికి ఇచ్చిన పండ్లు నా పమిట కొంగులో పట్టలేదు. మద్రాసులో ఆ రూపాయికి వాసన చూడనిస్తారు! మామగారు తన మార్వాడీ కొట్ల హిందీతో బేరం మొదలుపెట్టి, చివరికి ఆ పండ్ల ఆవిడకు బుట్టలు కట్టుకోవడానికి ఒక తాళ్ళ చుట్ట ఇచ్చి, ఆమె దగ్గర ఇంకో బుట్ట పండ్లు పుచ్చుకున్నారు. అత్తగారు తిన్నారు, తిన్నారు, తింటూనే ఉన్నారు. పైన ఐసు వేసిన చెరుకురసం రెండు గ్లాసులు.

పొద్దున లేచేసరికి ఆమె గొంతులో గాలి తప్ప ఇంకేం లేదు. "ఏమే, మాట్లాడవేమే?" అంటారు మామగారు. ఆమె నోరు తెరిస్తే మూత సరిగా పడని కుక్కరు చప్పుడు. మిరియాలపాలు ఇచ్చాం, పసుపుపాలు ఇచ్చాం, లాభం లేదు.

"ఈడనే ఒక రోజు ఆగుదుం నాయనా" అన్నారు మా ఆయన.

"గొంతు ఆమెకు పోయింది, నాకా?" అని మామగారు స్టీరింగు ముందుకు ఎక్కేశారు.

శనగ చేను

ఆ పొద్దు మా ప్రయాణం చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు. మామగారు ఎద్దుబండి వెనక ఎద్దుబండిలా నడిపారు. ఒకచోట కారు ఆపి హారన్ మోగించడం మొదలుపెట్టారు. మోగిస్తూనే ఉన్నారు. "ఏం మొండి ఆవప్పా ఇది, కదలదు!" అంటున్నారు. నేను తొంగి చూశాను. కంకర కుప్ప! ఎట్లా చెప్పడం? "మామయ్యా, పక్కగా పోనిస్తే అదే లేస్తుందేమో" అన్నాను. పక్కగా పోనిచ్చారు. "లేచిందా?" "లేచింది మామయ్యా" అన్నాను. కాశీయాత్రలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

అత్తగారు చేతులతో చెప్పబోయారు. డాష్‌బోర్డు మీద ఎడమకు ఒకసారి, కుడికి రెండుసార్లు తట్టారు. ఆయన పరధ్యానంగా, "తాళం బాగుంది" అన్నారు. అంతలో రోడ్డు కుడికి తిరిగింది. మేం తిరగలేదు. నేరుగా పోయి, గట్టు దిగి, అప్పుడే నీళ్ళు కట్టిన శనగ చేలో దిగబడ్డాం. నల్లరేగడి చక్రాలను సగం దాకా మింగేసింది. ఎవరికీ గీత కూడా పడలేదు. మా ఆయన కళ్ళు తెరిచి, "కాశీ వచ్చిందా?" అన్నారు.

చేనుగల ఆయన పరుగున వచ్చాడు. తిడతాడనుకున్నాను. ముందు మంచినీళ్ళు ఇచ్చి, తర్వాత తిట్టాడు. రోడ్డు మీద ఒక సర్దార్జీ లారీ ఆపి దిగి, చేలో కారును చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "లాగడానికి తాడుందా?" అని అడిగాడు. తాడుందా అని మమ్మల్నా అడగడం! మామగారు డిక్కీ తెరిచి లావుపాటి మోకు తీశారు. లారీ లాగుతుంటే కారు వస్తుందా రాదా అని మేం చూస్తున్నాం, తాడు తెగుతుందా తెగదా అని ఆయన చూస్తున్నారు. కారు మూలుగుతూ గట్టెక్కింది. "చూసినారా! ఒక్క పోగు లేవలేదు!" అని మామగారు చేలో చిందులు వేశారు. ఆ మోకు సర్దార్జీకే ఇచ్చేశారు, చేనుగల ఆయనకు చాంతాడు ఇచ్చి, పాడైన పైరుకు పరిహారం ఇవ్వబోతే ఆయన తాడే చాలన్నాడు.

అన్నీ అయ్యాక మామగారు డ్రైవరు తలుపు దగ్గరికి నడిచారు. అత్తగారు అక్కడ నిలబడి ఉన్నారు. కదల్లేదు. ఒక్క మాట లేదు, ఉండడానికి వీలూ లేదు. కళ్ళనిండా నీళ్ళు మాత్రం ఉన్నాయి. ఆయనకు కళ్ళనీళ్ళు కనపడ్డాయో లేదో తెలియదు. వంగి తన కాలు పట్టుకున్నారు.

"కాలు బెణికినట్టుంది. అమ్మాయ్, కొంచెం దూరం నువ్వు పట్టుకో."

రేవా దోవ

ఆ కొంచెం దూరం ఎంత దూరమనుకున్నారు! సివనీ, జబల్పూరు, కట్ని, రేవా! దోవ పొడుగునా టేకు చెట్లు, ఎర్రమట్టి, చల్లగాలి. నేను స్టీరింగు పట్టుకుని లోలోపల కేరింతలు కొట్టాను. పైకి మాత్రం బుద్ధిగా కొంగు బిగించుకుని కూర్చున్నాను. మామగారు పక్క సీటెక్కి, అత్తగారిని వెనక్కి పంపారు. "ఇంక చాలు, నేను పట్టుకుంటా" అని మైలుకొకసారి అనేవారు. అత్తగారు వెనకనుంచి ఆయన భుజం తట్టి తన గొంతు చూపించేవారు. ఆయన ఊరుకునేవారు. హారన్ విషయంలో మాత్రం ఆయనకు నా మీద నమ్మకం లేదు. మాటిమాటికీ చెయ్యి చాపి తనే మోగించారు.

ఒక రైలు గేటు దగ్గర ఆడవాళ్ళు కారును చుట్టుముట్టారు. అందరికీ గడ్డం దాకా ముసుగులు. మా వైపు ఆడవాళ్ళు తలలో మల్లెపూలు అందరికీ కనపడాలని చూస్తారు, వీళ్ళు తలే కనపడనివ్వరు! ఒక పెద్దావిడ రెండు వేళ్ళతో ముసుగు పైకెత్తి, నా చేతులను, స్టీరింగును చూసి, మామగారిని ఏదో అడిగింది. ఆయన జవాబు చెప్పగానే అందరూ ఆయన వంక భక్తిగా చూశారు.

"ఏమన్నారు మామయ్యా?"

"ఈమె నీ బిడ్డా, ఎవరు నేర్పినారు అని అడిగింది. కోడలు, నేనే నేర్పించినా అని చెప్పినా."

మా ఆయన నిద్రలో కూడా నవ్వారు.

మీర్జాపూరులో గంగనీళ్ళకు రాగి చెంబులు కొనాలని ఆగాం. మామగారు టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నారు. నేను పక్క కొట్టులో చూసి వచ్చేసరికి అత్తగారు చెంబుల కొట్టులో ఉన్నారు. "ఏందప్పా ఇది, ఇంత సన్నం చెంబుకు పది రూపాయలా? అన్యాయం! మా మద్రాసు పారిస్ కార్నరులో ఆరుకిస్తారు!" అని గంట కొట్టినట్టు వాదిస్తున్నారు. కొట్టువాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా భయం మాత్రం పట్టుకుంది.

"అత్తయ్యా! మీ గొంతు!"

ఆమె నా నోరు మూసేశారు. "అరవద్దు మే! రేవాలోనే వచ్చేసింది. ఆయనకు తెలిసిందంటే మళ్ళా ఎక్కి కూచుంటారు."

"మరి అప్పట్నుంచీ ఎట్లా ఓర్చుకున్నారు?"

"యాడ ఓర్చుకున్నా! కడుపు ఉబ్బిపోతా ఉండాది. నువ్వు ఆ బర్రెను ఎంత దగ్గరగా దాటించినావో, అప్పుడే నోట్లోకి వచ్చేసింది, మింగేసినా."

నిద్రలో కూడా మాట్లాడే మనిషి! ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఇంత ప్రేమ ఎట్లా దాచిపెడతారమ్మా ఈ మనుషులు అనిపించింది.

గంగ

కాశీలో మా చేత సంకల్పం చెప్పించిన శాస్త్రిగారు గోదావరి వైపు ఆయన. మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, "చెప్పండి బాబూ, ఏం వదులుతారు?" అన్నారు. మా ఆయన గంభీరంగా కాకరకాయ వదిలారు. నేను రేగుపండు వదిలాను. అత్తగారు మూగగా సీతాఫలం చూపించి వదిలేశారు. ఎందుకో నాకు తెలుసు.

"తమరండీ?"

"స్టీరింగు" అన్నారు మామగారు.

శాస్త్రిగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు. "అది కాయాండీ, పండాండీ?"

"నాకు దానికంటే ఇష్టమైన కాయ లేదు, పండు లేదు సామీ. అదే వదుల్తా. కానీయండి."

"ఏమండీ!" అని గట్టిగా అరిచారు అత్తగారు. గట్టంతా తిరిగి చూసింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, కానీ మాట వచ్చేసింది.

మామగారు నవ్వారు. "కంటికి పొరలొచ్చినాయి గానీ నా చెవులకు రాలేదే. మీర్జాపూరులో చెంబుల బేరం టీ కొట్టు దాకా వినపడింది. నువ్వే నోరు కట్టేసుకోని కూచున్నావంటే, నేను చేతులు కట్టేసుకోలేనా?"

"మీకెంత ఇష్టమండీ అది..."

"ఇష్టమైందే కదే వదలాల. పైగా ఈ ఏడాదిగా నడిపింది నేనా ఏంది? నీ గొంతు పోయినపొద్దే నాకు రోడ్డు పోయింది."

అత్తగారు గంగలో నిలబడి వలవలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. శాస్త్రిగారు ఏ మంత్రం పట్టాలో తేల్చుకోలేక, చివరికి "స్టీరింగు సమర్పయామి" అనిపించారు. మామగారు దోసిట నీళ్ళు వదిలారు. అలా తిరిగి వచ్చేటప్పుడు కాశీ నుంచి మద్రాసు దాకా రోడ్డంతా నాదే అయింది. కోరుకున్నదే, కానీ మొదటి మైలు నాకు కళ్ళనీళ్ళతో సరిగా కనపడలేదు.

మళ్ళీ మన వీధి

ఇంటికి వచ్చిన వారానికే మామగారు తనంతట తనే కంటి ఆసుపత్రికి పోదుం పదమన్నారు. దాచుకోవడానికి ఇంకేముంది? ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళూ బాగు చేయించుకున్నారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిసారి వీధిలోకి చూసి, "ఇంత మురికిగా ఉండాదా మన వీధి!" అన్నారు. తర్వాత అత్తగారిని చాలాసేపు చూశారు. ఆమె సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు చూపు వచ్చింది కదా, మళ్ళీ కారు తీయండి అని వీధిలో అందరూ చెప్పారు. రైలుందని చెప్పినవాళ్ళే! "కాశీలో వదిలేసినాను కదప్పా" అంటారు. నేను నడుపుతాను, ఆయన పక్కన కూర్చుంటారు. చెయ్యి మాత్రం హారన్ మీదే. "మామయ్యా, అదీ వదిలేశారు కదా" అంటే, "స్టీరింగు వదిలినా, దాని నడీ మధ్యలో ఉండేది వదల్లేదు" అని మోగిస్తారు. మా ఆయన వెనక సీట్లో నిద్రపోతారు.

నిన్న జార్జి టౌను సందులో పోతుంటే వెనక నుంచి అత్తగారు అలవాటుగా అందుకున్నారు.

"అదో, ఆ తోపుడు బండివాణ్ణి చూడండి, ఎంత పొగరుగా అడ్డం వస్తా ఉండాడో!"

"చూసినాలేవే" అన్నారు మామగారు.

ఈసారి నిజంగానే చూశారు.